మెట్ల మీద గీత గీసిన చదువు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది విజయవాడ సింగ్ నగర్. ఇంటర్ సీఈసీ పూర్తయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మేం కింద పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. నీళ్లు తీశాక నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు కింద ఇంటికి 25 వేలు, పై అంతస్తుకు 10 వేలు అన్నారు. మా ఇంటి మెట్ల మీదే గీత గీసినట్టయింది. ఆ గీత ఎవరు గీస్తారు, ఎలా గీస్తారు అని అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. అలాంటివి నేర్పే చదువును పబ్లిక్ పాలసీ అంటారని మా పెద్దమ్మ కూతురు చెప్పింది. అందులో డిగ్రీకి ఏమేం పేపర్లు చదవాలి? పదో తరగతి తర్వాత నేను లెక్కలు ముట్టుకోలేదు. నాకు వస్తుందా? ఆ పేరుతో డిగ్రీ మా చుట్టుపక్కల కనిపించలేదు. వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఉంది కానీ ఫీజు చాలా ఎక్కువ. నాన్న ఎలక్ట్రీషియన్. బీకామ్ కంప్యూటర్స్‌లో చేరమంటున్నారు. ఈ చదువు ఏమిటో ఆయనకు సరిగ్గా చెప్పలేకపోతున్నాను.
ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మాయ్, నీ ఉత్తరంలో మెట్ల మీద గీత అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. గుంటూరులో ఏళ్ల తరబడి డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పినదాన్ని. పబ్లిక్ పాలసీ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇకమీదట నీ మాటే చెబుతాను. ప్రభుత్వం ఏ పని చేసినా ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. గీతకు ఇవతల ఎవరు ఉండాలి, ఎందుకు ఉండాలి, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, గీత తప్పు చోట పడితే ఎలా తెలుస్తుంది, తెలిశాక ఎవరు దిద్దాలి? వీటికి ఊహతో కాకుండా ఆధారాలతో జవాబు వెతకడం నేర్పేదే ఈ చదువు. నాన్నగారికి కూడా ఇలాగే, మీ మెట్లు చూపించి చెప్పు.

ముందు ఒక మాట. మన దేశంలో ఈ సబ్జెక్టు ఎక్కువగా పీజీ స్థాయిలోనే పెరిగింది. బెంగళూరు నేషనల్ లా స్కూల్లో పబ్లిక్ పాలసీ మాస్టర్స్ 2014లో మొదలైంది. హైదరాబాద్‌లో గీతం వాళ్ల కౌటిల్య స్కూల్ కూడా పీజీయే. వాటికి ఏ డిగ్రీ చదివినవాళ్లయినా వెళ్తారు. ఇంజినీర్లు వెళ్తారు, లాయర్లు వెళ్తారు, బీఏ పిల్లలు వెళ్తారు. కాబట్టి డిగ్రీ పట్టా మీద పబ్లిక్ పాలసీ అన్న పేరు లేదని బెంగ పెట్టుకోకు. ఆ పేరున్న డిగ్రీలో ఏ పేపర్లు చెబుతారో తెలుసుకుని, అవే పేపర్లు నీ మార్కుల లిస్టులో ఉండేలా చూసుకో. నేను చెప్పేదంతా దీని గురించే.

ఆ పేపర్లు ఏమిటో మీ మెట్ల మీదనుంచే చూద్దాం.

మొదటిది ఎకనామిక్స్, అందులోనూ మైక్రో. ఒక్కో ఇంట్లో ఫ్రిజ్ పోయిందా, మంచం పోయిందా, మోటారు సైకిల్ పోయిందా అని విడివిడిగా లెక్క కట్టి ఇవ్వకుండా అందరికీ ఒకే మొత్తం ఎందుకు ఇచ్చారు? విడిగా కట్టాలంటే నెలలు పడుతుంది, దానికయ్యే ఖర్చూ ఎక్కువే, ఆలోగా జనం అప్పులు చేస్తారు. ఒకే మొత్తం అయితే త్వరగా అందుతుంది, కానీ ఎక్కువ పోగొట్టుకున్నవాళ్లకు అన్యాయం జరుగుతుంది. ఒకటి కావాలంటే ఇంకొకటి కొంత వదులుకోవాలి. ఎంత వదులుకోవచ్చో తూకం వేయడమే మైక్రో ఎకనామిక్స్. సీఈసీలో నువ్వు చదివిన డిమాండు, సప్లై దానికి పునాది. మా గుంటూరు మిర్చి యార్డు సంగతే చూడు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోతే, మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు అని ధర ప్రకటించింది. ధర ప్రకటించడం ఒక ఎత్తు. ఆ ధరకు, బయటి ధరకు తేడా ఎవరు భరించాలి, ఎంత సరుకు వరకు భరించాలి, కోల్డ్ స్టోరేజీలో నిరుడు పెట్టిన సరుకు సంగతేమిటి, వచ్చే ఏడు రైతు ఇంకా ఎక్కువ ఎకరాల్లో వేస్తే ఏమవుతుంది? మైక్రో చదవకుండా ఈ ప్రశ్నలు అడగడం కూడా రాదు. దేశం మొత్తాన్ని ఒకటిగా చూసే మాక్రో ఒక సెమిస్టరు చదివితే డిగ్రీ స్థాయికి చాలు.

రెండోది రాజ్యాంగం, పాలిటిక్స్. సింగ్ నగర్‌లో మురుగు కాలువ కార్పొరేషన్‌ది. బుడమేరు జలవనరుల శాఖది. రిలీఫ్ పని రెవెన్యూ వాళ్లది. నీళ్లకు ఈ హద్దులు తెలియవు కదా. రాజ్యాంగ 74వ సవరణ పట్టణాలకు ఏ పనులు ఇవ్వమంది, మన రాష్ట్రంలో ఎన్ని ఇచ్చారు, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ఎవరికి ఏ అధికారం ఇచ్చింది అన్నవి ఈ పేపర్లో వస్తాయి. సివిక్స్ నీకు కొత్త కాదు, ఇక్కడ నువ్వు ఎంపీసీ పిల్లలకన్నా ముందుంటావు.

మూడోది పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. చాలామంది ఇదీ పబ్లిక్ పాలసీ ఒకటే అనుకుంటారు. ఏం చేయాలో, ఎందుకు చేయాలో తేల్చేది పాలసీ. తేల్చినది జీవోగా మారి, జీవో ఒక ఫారంగా మారి, ఫారం లిస్టుగా మారి, లిస్టులో పేరున్న మనిషి బ్యాంకు ఖాతాలో డబ్బు పడేదాకా నడిచే దారి అడ్మినిస్ట్రేషన్. ఆ దారిలో ఎక్కడ ఆగినా పాలసీ కాగితం మీదే ఉండిపోతుంది. మీ ఇంటికి పుస్తకం పట్టుకుని వచ్చిన ఉద్యోగి ఆ దారిలో చివరి మనిషి. ఒక్కసారి అతని వైపునుంచి కూడా ఆలోచించు. బురదలో వందల ఇళ్లు తిరగాలి, అద్దెకున్నవాళ్ల దగ్గర ఏ కాగితం అడగాలో సందేహం, ఓనరు ఒకటి చెబుతాడు, అద్దెకున్నాయన ఇంకొకటి చెబుతాడు. రూల్ రాసేవాళ్లు ఆ గుమ్మం ముందు నిలబడి ఆలోచిస్తే రూల్ వేరేగా ఉంటుంది.

నాలుగోది పబ్లిక్ ఫైనాన్స్. రాష్ట్ర విపత్తు సహాయ నిధిలో మనలాంటి రాష్ట్రాలకు కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25. ఆ నిధి నుంచి దేనికి ఎంత ఇవ్వాలో కేంద్రం నిబంధనలు ఉంటాయి. అంతకుమించి ఇవ్వాలంటే రాష్ట్రం తన డబ్బే తీయాలి. ఫైనాన్స్ కమిషన్, బడ్జెట్ పద్దులు, ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ రిపోర్టులు ఇవన్నీ ఈ పేపర్లో చదువుతావు. బడ్జెట్ పుస్తకం చదవడం వచ్చిన మనిషికి ఏ పథకం మాటల్లో ఉందో, ఏది డబ్బుల్లో ఉందో ఇట్టే తెలిసిపోతుంది.

ఇక ఐదోది, నువ్వు భయపడుతున్నది. స్టాటిస్టిక్స్.

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మంచి పిల్లలు ఈ ఒక్క భయంతోనే పక్కకు తప్పుకోవడం చూశాను. మీ వీధిలో పది ఇళ్లు అనుకో. తొమ్మిది ఇళ్లలో ఒక్కొక్కరికి 40 వేలు నష్టం. పదో ఆయనకు కింద షాపు ఉంది, ఆయనకు 6 లక్షల 40 వేలు పోయింది. మొత్తం 10 లక్షలు. సగటు ఇంటికి లక్ష. పేపర్లో "వీధిలో సగటు నష్టం లక్ష" అని వస్తుంది. కానీ ఆ వీధిలో లక్ష పోయిన ఇల్లు ఒక్కటి కూడా లేదు. అదే మధ్యగతం, అంటే నష్టాలను వరుసగా పేర్చితే మధ్యలో వచ్చే అంకె తీస్తే 40 వేలు వస్తుంది. రెండూ సరైన లెక్కలే. సాయం ఎంత ఇవ్వాలో నిర్ణయించే మనిషి ఏ అంకె చూస్తే ఎటు వెళ్తాడో ఆలోచించు. ఈ సగటు, మధ్యగతం నువ్వు పదో తరగతిలో చేసినవే. ఆ లెక్కల పుస్తకంలో చివర ఉండే సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత పాఠాలు గుర్తున్నాయా? అక్కడినుంచే మొదలుపెట్టు.

ఇంకొంచెం ముందుకెళ్దాం. లిస్టుల్లో తప్పులు రెండు రకాలు. పేరు ఉండాల్సినవాళ్లు లేకపోవడం ఒకటి, అక్కర్లేనివాళ్లు ఉండటం ఇంకొకటి. కాగితాలు గట్టిగా అడిగితే రెండో తప్పు తగ్గుతుంది, కానీ మొదటిది పెరుగుతుంది. వదులుగా అడిగితే దీనికి తలకిందులు అవుతుంది. ఏ తప్పు ఎంత ఉందో తెలియాలంటే ఒక శాంపిల్ తీసి సర్వే చేయాలి. ఎన్ని ఇళ్లు చూస్తే చాలు, ఏ ఇళ్లు చూడాలి అన్నది స్టాటిస్టిక్సే చెబుతుంది. మరో సంగతి. కాలువలో పూడిక తీశారు, మరుసటి ఏడాది వరద రాలేదు. పూడిక తీసినందుకు రాలేదా, వాన తక్కువ పడి రాలేదా? 2024లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. బుడమేరు డైవర్షన్ కాలువ కలిసేది బ్యారేజీకి ఎగువన ఆ కృష్ణలోనే. నది అంత నిండుగా ఉంటే కాలువ నీళ్లు లోపలికి దిగవు. అలాంటి 2024ను మామూలు ఏడాదితో పోల్చి మా పథకం పనిచేసింది అనడం తప్పు. పథకం లేకపోయి ఉంటే ఏం జరిగేది అన్నది కళ్లకు కనిపించదు, దాన్ని లెక్కతో అంచనా వేయాలి. పబ్లిక్ పాలసీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. రిగ్రెషన్ అనే పద్ధతి దీనికోసమే. పేరు విని జడుసుకోకు. అది గ్రాఫు మీద చుక్కల మధ్యగా గీసే ఒక గీత. గీతల గురించి నీకు కొత్తగా చెప్పాలా?

మరి దీనికి ఎంత లెక్కలు కావాలి? శాతాలు, నిష్పత్తులు, గ్రాఫు చదవడం, ఒక వాలు ఎంత ఉందో చెప్పడం, సంభావ్యత. పై చదువుకు వెళ్తే కాస్త కాలిక్యులస్. కొన్నిచోట్ల ఎకనామిక్స్ ఆనర్స్‌కు ఇంటర్లో లెక్కలు ఉండి తీరాలి. ఢిల్లీ యూనివర్సిటీలో అలాగే ఉంది, కాబట్టి ఆ దారి నీకు లేదు. పబ్లిక్ పాలసీ పేరున్న డిగ్రీలు మాత్రం ఎక్కువగా ఏ గ్రూపువాళ్లనయినా తీసుకుంటాయి. నీకు లెక్కలు రాక కాదు, రెండేళ్లు దూరంగా ఉన్నావు, అంతే. కాలేజీ తెరిచేలోగా రోజుకో గంట పదో తరగతి పుస్తకం మళ్లీ చెయ్యి. ఈ ఎండల్లో ఇంట్లో కూర్చుని చేసుకోవడానికి ఇంతకన్నా మంచి పని లేదు.

వీటి పక్కన ఎథిక్స్ పేపరు ఒకటి ఉంటుంది. సాయం ఇంటికా, మనిషికా? గోడలు ఓనరువి, తడిసిన బట్టలూ బియ్యమూ అద్దెకున్నవాళ్లవి. అంకెలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పవు. ఇక రాయడం. పది పేజీల రిపోర్టు చదవడానికి టైము లేని అధికారి కోసం సమస్య, మూడు దారులు, ఒక్కో దారి ఖర్చు, నీ సలహా అన్నీ ఒక్క పేజీలో పెట్టడం నేర్పుతారు. దాన్ని పాలసీ మెమో అంటారు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అలవాటు చేసుకో. ఇంగ్లీషు తప్పనిసరిగా కావాలి, డేటా అంతా అందులోనే ఉంటుంది. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ పబ్లిక్ పాలసీ డిగ్రీలో ఇంటర్న్‌షిప్ చేయకపోతే పట్టా ఇవ్వరు. ఈ చదువు క్లాసు గదిలో పూర్తికాదని ప్రపంచమంతా ఒప్పుకున్న విషయం.

ఇప్పుడు క్రెడిట్ల సంగతి. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. ఒక క్రెడిట్ అంటే 15 గంటల పాఠం, ప్రాక్టికల్స్ అయితే 30 గంటలు. మూడేళ్లలో మేజర్ అంటే ప్రధాన సబ్జెక్టు కనీసం 60, మైనర్ అంటే దాని పక్కన తీసుకునే సబ్జెక్టు 24, వేరే శాఖల పేపర్లు 9, భాషలు 8, స్కిల్ పేపర్లు 9. మిగతావి వాల్యూ యాడెడ్ కోర్సులు, ఇంటర్న్‌షిప్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకుంటే నాలుగో ఏడు రీసెర్చ్‌తో ఆనర్స్ చేయవచ్చు, అందులో 12 క్రెడిట్ల ప్రాజెక్టు ఉంటుంది. ఈ చట్రాన్ని రాష్ట్రాలు, యూనివర్సిటీలు తమ తమ రీతిలో మార్చుకుంటాయి. మన దగ్గర 2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ పద్ధతి తెచ్చారు. అందుకని సీనియర్లు చెప్పింది నమ్మి ఆప్షన్ పెట్టకు. నువ్వు చేరే ఏడాది సిలబస్ కాపీ కాలేజీలో అడిగి తీసుకుని, ఆరు సెమిస్టర్ల పేపర్ల పేర్లూ చదివాకే నిర్ణయించుకో.

నా సలహా ఇది. మేజర్ ఎకనామిక్స్ తీసుకో. మైనర్‌గా స్టాటిస్టిక్స్ దొరికితే కళ్లు మూసుకుని తీసుకో. దొరకకపోతే పొలిటికల్ సైన్స్ గానీ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ గానీ తీసుకుని, స్టాటిస్టిక్స్ వేరే దారిలో పూర్తిచెయ్యి. కేంద్రం నడిపే స్వయం పోర్టల్‌లో యూనివర్సిటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా వినవచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. మీ యూనివర్సిటీ ఒప్పుకుంటే ఆ క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయి కూడా. డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్ ఓఏఎండీసీలో వెబ్ ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి నేరుగా వెళ్లి, ఈ మేజర్ నిరుడు నడిచిందా, ఎంతమంది ఉన్నారు, లెక్చరర్ రెగ్యులరా, గెస్టా అని అడుగు. పిల్లలు చాలకపోతే మేజర్ నడవదు, అప్పుడు వేరేదాంట్లోకి మారమంటారు. అడగడానికి మొహమాటపడకు. మూడేళ్ల జీవితం పెడుతున్నది నువ్వు.

ఇంకో మంచి అవకాశం మన డిగ్రీలోనే ఉంది, పిల్లలు దాన్ని పాడుచేసుకుంటున్నారు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, 180 గంటలు. చాలామంది పక్కవాళ్ల రికార్డు చూసి రాసేస్తారు. నాకు చాలా బాధగా ఉంటుంది. నువ్వు మాత్రం మీ వీధుల్లోనే చెయ్యి. యాభై ఇళ్లు ఎంచుకో. కింద పోర్షన్లు, పై పోర్షన్లు, సొంతవాళ్లు, అద్దెవాళ్లు అందరూ ఉండేలా చూడు. ఎంత పోయింది, ఎంత అందింది, ఎన్నాళ్లకు అందింది, అందనివాళ్లకు ఏ కాగితం లేక ఆగింది అని రాసుకో. వార్డు సచివాలయానికి వెళ్లి వాళ్ల వైపు కష్టం కూడా రాసుకో. ఇది నిజాయితీగా చేస్తే రేపు ఏ పీజీ ఇంటర్వ్యూలోనైనా నీ దగ్గర చెప్పడానికి ఉంటుంది, పుస్తకంలో చదివిన మాటలు వల్లించక్కర్లేదు.

ఆ ప్రైవేటు యూనివర్సిటీ విషయం. పూర్తి స్కాలర్‌షిప్ వస్తే వెళ్లు, సంతోషంగా వెళ్లు. కేవలం పేరు కోసం ఇంటి మీద అప్పు చేసి వెళ్లొద్దు. ఒకసారి మునిగిన ఇల్లు తేరుకోవడానికి ఎంత పడుతుందో నీకు నేను చెప్పాలా? తక్కువ ఫీజుతో ఇంకో దారి ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ రెండూ ఉన్నాయి. దానికి సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి. బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో రాయితీ ఇస్తారు, ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ వాళ్లవే. ఈ ఏడాది గడువు దాటి ఉంటే బాధపడకు. ఇక్కడ డిగ్రీ చేసి పీజీకి అక్కడికే వెళ్లవచ్చు.

నాన్నగారి మాట కొట్టిపారేయకు. ఆయన భయం ఉద్యోగం గురించి, అది న్యాయమైన భయం. నిజం చెప్పాలంటే ఈ చదువులో డిగ్రీ అవగానే పెద్ద జీతం రాదు. మొదట సర్వేలు చేసే సంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో చిన్న ఉద్యోగాలు ఉంటాయి. ఎక్సెల్ బాగా వచ్చి, డేటా శుభ్రం చేయడం తెలిసిన పిల్లకు అక్కడ విలువ ఉంటుంది, కాబట్టి కంప్యూటర్ విషయంలో నాన్నగారి మాటే కరెక్టు. చట్టాల మీద పరిశోధన చేసే ఢిల్లీ పీఆర్‌ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్ ఉంది, ఏ డిగ్రీ అయినా సరే, 25 ఏళ్లలోపు ఉండాలి. ఒక ఎంపీ దగ్గర పనిచేస్తూ పార్లమెంటు ఎలా నడుస్తుందో చూడవచ్చు. సివిల్స్‌కు, గ్రూప్స్‌కు కూడా ఏ డిగ్రీ అయినా చాలు. నువ్వు చదివే ఎకనామిక్స్, పాలిటీ ఆ పరీక్షల సిలబస్‌లో ఎలాగూ ఉన్నాయి. అసలైన మంచి ఉద్యోగాలు పీజీ తర్వాతే. అంటే ఐదేళ్లు. ఆ ఐదేళ్ల సంగతి ఇంట్లో ఇప్పుడే దాచకుండా చెప్పు. ఇంట్లో అంతవరకు ఆగలేని పరిస్థితి ఉంటే బీకామ్‌లో చేరినా తప్పు లేదు. అందులో బిజినెస్ ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ పేపర్లు ఉంటాయి. వాటిని పట్టుకుని మిగతావి స్వయంలో చదివి పీజీలో ఇటు రావచ్చు.

ఈ వారం ఒక పని చెయ్యి. ఆ వరద సాయం జీవో వెతికి ప్రింటు తీసుకో. దొరకకపోతే సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దాన్ని రెండుసార్లు చదివి, అద్దెకున్నవాళ్ల గురించి అందులో ఏముందో, నువ్వయితే ఆ వాక్యం ఎలా రాస్తావో ఒక్క పేజీలో రాయి. రాశాక ముందు నాన్నగారికి చదివి వినిపించు, తర్వాత నాకు పంపు. ఆయనకు ఏమైనా సందేహాలుంటే వాటినీ అదే కవర్లో పెట్టమని చెప్పు, ఆయనకు విడిగా జవాబు రాస్తాను.